ఆగిన చెయ్యి

కొండలరావు మాస్టారిని ఏదైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. ఆయన దగ్గర మొక్కల పెంపకం నేర్చుకునేవాళ్ళందరూ ఎరిగిన సంగతే ఇది. కొందరు ఒళ్ళు మండి మానేశారు. నూకరత్నం మానలేదు గానీ, ఆ ఆదివారం మానేద్దామనే వచ్చింది.

మాస్టారు ముప్ఫయ్యేళ్ళు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి, చింతపల్లి కొండల్లో ఇల్లు కట్టుకుని, పురుగుల్ని తిని బతికే మొక్కలు పెంచుతున్నారు. ఆకు కొసన చిన్న కూజా కట్టుకుని, అందులో పడ్డ చీమనో ఈగనో నెమ్మదిగా అరిగించుకునే రకం. నూకరత్నం ఆ ఊరి ఆసుపత్రిలో నర్సు. ఆమె సూది వేస్తే నొప్పి తెలియదనీ, హస్తవాసి మంచిదనీ రోగులు పనిగట్టుకుని ఆమె కోసం కాచుకు కూర్చుంటారు. అంతటి చేతిలో, మాస్టారు మూడేళ్ళు పెంచి ఇచ్చిన కూజా మొక్క నెల తిరక్కుండా చచ్చిపోయింది.

నిర్లక్ష్యంతో చావలేదు, ముద్దు ఎక్కువై చచ్చింది. మన ఇళ్ళల్లో బియ్యం కడిగిన నీళ్ళు పారబొయ్యరు కదా, కరివేపాకు చెట్టుకో మల్లె పాదుకో పోస్తారు. నూకరత్నం కూడా పాపం, బలమని రోజూ పోసింది. సారం లేని నేలలో పుట్టి, అందుకే పురుగుల్ని పట్టి తినడం నేర్చుకున్న మొక్క అది. దాని వేళ్ళకు ఆ బలమే విషం. దాచిన వాన నీళ్ళు తప్ప మరేవీ పొయ్యొద్దని మాస్టారు మొదటిరోజే చెప్పారు. ఆమె విన్నది, ఆమె చెయ్యి వినలేదు.

ఇప్పుడు మాస్టారు, ఇంట్లో ఉండే తన అక్కగారిని తోడు తీసుకుని, కంటి ఆపరేషనుకు విశాఖపట్నం వెళ్ళాలి. నెల్లాళ్ళు రారు. నలభై మొక్కల్నీ నూకరత్నానికి అప్పజెబుతానన్నారు.

“నా వల్ల కాదు మాస్టారూ! అది పోయిన కాణ్ణించీ ఆసుపత్రిలో కూడా నరం దొరక్కపోతే చెయ్యి వణుకుతోంది. ఒకసారి చంపిన చేతికి మళ్ళీ హస్తవాసి ఎలా వస్తుందో చెప్పండి. లేదంటే మన సత్యారావుకి ఇచ్చెయ్యండి. రెండేళ్ళుగా నేర్చుకుంటున్నాడు, ఒక్క మొక్కా పోలేదు” అంది. అనేటప్పటికే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. “వెనక వరండాలో పెద్దదానికి మట్టి ఆరినట్టుంది. కాసిని నీళ్ళు పోసి రా అమ్మా.”

ఇదేం మనిషిరా బాబూ అనుకుంటూ లేచింది నూకరత్నం. ఆ పెద్ద మొక్కకు పదకొండేళ్ళు. దాన్ని మాస్టారు తన అక్కగారిని కూడా ముట్టుకోనివ్వరు. దాని పక్కనే ఒక వెడల్పాటి గిన్నెలో బియ్యం కడిగిన నీళ్ళున్నాయి. వాటిని అక్కడ ఎవరు పెట్టారో తెలియదు. అక్కగారు మాత్రం తాను పెట్టలేదని ఇప్పటికీ ఒట్టేసి చెబుతుంది. వాన నీళ్ళ కుండ ఆ మూల, మూత వేసి ఉంది.

నూకరత్నం చెయ్యి దానంతటదే గిన్నె మీదికి పోయింది. అంచు పట్టుకుంది, సగం ఎత్తింది కూడా. అక్కడ ఆగిపోయింది. గిన్నెను చప్పుడు కాకుండా కింద పెట్టి, మూలకు వెళ్ళి, కుండ మూత తీసి, చెంబుతో వాన నీళ్ళు ముంచి తెచ్చి మొక్క మొదట్లో పోసింది. ఒక్క చుక్క కూడా బయట ఒలకలేదు. ఆ సంగతి ఆమె గమనించలేదు.

వెనక్కి తిరిగితే మాస్టారు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

“చూశారా! మళ్ళీ దాని మీదికే పోయింది నా చెయ్యి. అదే సత్యారావు అయితేనా…”

మాస్టారు జేబులోంచి ఇంటి తాళంచెవి తీసి, ఆమె అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశారు.

“పోయింది, ఆగింది కూడా. సత్యారావు చెయ్యి ఇంకా ఎక్కడా ఆగలేదమ్మా” అన్నారు.