పోలమ్మ మోయని నీళ్లు

అనగనగా అనే కాలానికి కొంచెం ఇవతల, మా తాతల తాతలకు కొంచెం అవతల, పలుగురాళ్లపాడు అని ఒక ఊరుండేది. ఆ ఊరికి ఏరు లేదు. చెరువు లేదు. కాలవ లేదు. దిగువన ఒక్క బావి ఉండేది. ఎగువన మెట్ట మీద ఒక ప్రార్థన మందిరం ఉండేది. ఆ బావికీ ఆ మందిరానికీ మధ్య నడిచిన ఒక మనిషి కథ ఇది. మా సంఘం వాళ్లం దీన్ని గొప్పకు చెప్పుకోం. తల దించుకునే చెప్పుకుంటాం. అయినా చెప్పడం మానం.

ఆమె పేరు పోలమ్మ. మొగుడు పోయాడు. పిల్లలు లేరు. ఇళ్లకు నీళ్లు మోసి, వాళ్లు పెట్టింది తిని బతికేది. తల మీద ఒక బిందె, చంకన ఒక బిందె. ఎండైనా అంతే, చలైనా అంతే.

మందిరానికి నతానియేలు అయ్యగారు పెద్ద. ఆయన ఇంటి కుండలు నింపడానికి పోయినప్పుడు పోలమ్మ ఆయన వాకిట్లో వాక్యం చదవడం వింది. మొదటి రోజు వింటూ నడిచిపోయింది. రెండో రోజు బిందె దించి వింది. మూడో రోజు బిందె దించి, కూర్చుని, ఏడ్చింది. ఆ రోజు నుంచి యేసును నమ్ముకుంది. ఆదివారం వస్తే మందిరంలో చివరి వరసలో, గుమ్మం పక్కన కూర్చునేది.

మా సంఘంలో నీళ్లు చిలకరించి బాప్తిస్మం ఇవ్వరు. నమ్మినవాళ్లను నిండా ముంచి లేపుతారు. పాత బతుకు మునిగి పోయింది, కొత్త బతుకు లేచింది అని దాని అర్థం. ఊరికి ఏరు లేదు కదా. అందుకని మందిరం పక్కన రాళ్లతో ఒక తొట్టి కట్టుకున్నారు. అది నిండాలంటే నూట ఇరవై బిందెలు కావాలి. నడకకు రెండు బిందెలు. రోజుకు ఇరవై నడకలు. మూడు రోజుల పని.

ఆ పని పోలమ్మ చేసేది. చేయమని ఎవరూ చెప్పలేదు. వద్దని కూడా ఎవరూ చెప్పలేదు. తల మీద ఒకటి, చంకన ఒకటి. తొట్టి నింపేది, పక్కకు తప్పుకునేది. మునిగి లేచినవాళ్లకు తుండు అందించేది.

ఏడాదికి రెండు విడతలు బాప్తిస్మాలు. అట్లా పదకొండేళ్లు. ఇరవై రెండు సార్లు తొట్టి నిండింది. బిందెల లెక్క రెండు వేల ఆరు వందల నలభై. ఆ నీళ్లలో మునిగి లేచినవాళ్లు నూట నలభై ముగ్గురు. ఆ నూట నలభై ముగ్గురిలో పోలమ్మ లేదు.

ఎందుకు లేదంటే, దానికో కట్టుబాటు ఉంది. అంతకు ముందెప్పుడో ముగ్గురు మనుషులు గబగబా బాప్తిస్మం తీసుకుని, మూడు నెలలకే గబగబా వెళ్లిపోయారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు నవ్వారు. అయ్యగారికి ఆ నవ్వు గుచ్చుకుంది. ఆయన చెడ్డవాడు కాదు. సంఘం పరువు కాపాడాలనుకున్నాడు. మేం నమ్మేవాటిని ఏడు మాటలుగా రాశాడు. దేవుడొక్కడే, తండ్రిగా, కుమారుడిగా, పరిశుద్ధాత్మగా ఉన్నాడు అనేది మొదటిది. బైబిలు ఆయన మాట అనేది రెండోది. మనుషులంతా పాపం చేసినవాళ్లే అనేది మూడోది. యేసు మన కోసం సిలువ మీద చనిపోయి మూడో రోజు లేచాడు అనేది నాలుగోది. రక్షణ దేవుడు ఊరికే ఇచ్చేది, నమ్మి అందుకోవాలి, మన మంచి పనులతో సంపాదించలేం అనేది ఐదోది. నమ్మినవాళ్లంతా ఒక్క ఇంటివాళ్లు అనేది ఆరోది. ఆయన మళ్లీ వస్తాడు అనేది ఏడోది. ఈ ఏడూ, రాసింది రాసినట్టు, వరస తప్పకుండా అప్పజెప్పినవాళ్లకే బాప్తిస్మం.

పోలమ్మ పదేళ్లు అడగనే లేదు. నాలాంటిది అడగొచ్చా అని ఊరుకుంది. పక్కింటి తబితమ్మ నోరున్న మనిషి. ఆవిడ ఒకనాడు కడిగేసింది. ఊరందరినీ ముంచడానికి నీళ్లు మోస్తావు, నీకు మాత్రం తడి తగలదా, నువ్వేమన్నా ఉప్పు బస్తావా అక్కా అంది. అప్పుడు పోలమ్మ అడిగింది.

మొదటిసారి సంఘం ముందు నిలబెట్టారు. మూడు మాటలు చెప్పింది. నాలుగోది మర్చిపోయింది. నాలుగోది తర్వాత చెబుతాను, ఐదోది అడగండి అంది. జనం నవ్వారు. అయ్యగారు కూడా కొంచెం నవ్వి, సరే, రక్షణ ఎట్లా వస్తుందో చెప్పమన్నాడు. పోలమ్మ కాసేపు ఆలోచించింది.

"బావిలో బిందె పడిపోతే అది ఈదుకుంటూ రాదు కదా అయ్యగారూ. తాడు పట్టుకుని ఎక్కి రాదు. పైనున్నవాళ్లు పాతాళగరిగె వేసి, దేవులాడి, కొక్కేనికి తగిలించి లాగుతారు. నేనూ అట్లాగే పైకొచ్చాను. నేను చేసిందేమీ లేదు."

అయ్యగారు పుస్తకం వైపు చూశాడు. మాట బాగుంది గాని, రాసింది అట్లా లేదన్నాడు. వచ్చే విడత రమ్మన్నాడు. ఆ విడతకు కూడా తల మీద ఒకటి, చంకన ఒకటి. తొట్టి నింపింది, పక్కకు తప్పుకుంది.

ఆ తర్వాత నెలకు అయ్యగారు నాలుగు ఊళ్ల అవతల సభలకు వెళ్లాడు. అక్కడ బావిలో పడ్డ బిందె గురించి ప్రసంగం చేశాడు. జనం కళ్లు తుడుచుకున్నారు. ఎనభై మంది చేతులెత్తి మేం నమ్ముతున్నాం అన్నారు. ఆ బిందె ఎవరిదో అయ్యగారు చెప్పలేదు. తబితమ్మ మేనమామది ఆ ఊరే. కబురు తిరిగి తిరిగి పలుగురాళ్లపాడుకు వచ్చింది. తబితమ్మ మండిపడింది. పోలమ్మ మొదట సంబరపడింది, నా బిందె అంత దూరం పోయిందా అని. బిందెలు తోముతూ తోముతూ ఆగి, అక్కడ చెల్లిన మాట ఇక్కడెందుకు చెల్లలేదే అంది. ఆ ఒక్కసారే అంది. మళ్లీ అనలేదు.

రెండో విడత దగ్గర పడింది. ఈసారి పోలమ్మ ఒక ఉపాయం కనిపెట్టింది. బావి నుంచి తొట్టికి నాలుగు వందల ఇరవై అడుగులు. దాన్ని ఏడుతో భాగిస్తే అరవై. తుమ్మచెట్టు దగ్గర మొదటి మాట. పుట్ట దగ్గర రెండోది. విరిగిన బండి చక్రం దగ్గర మూడోది. అట్లా అరవై అడుగులకొక మాట చొప్పున దారి పొడుగునా పరుచుకుంది. ఏడోది తొట్టి దగ్గరికి వచ్చింది. ఆయన మళ్లీ వస్తాడు అంటూ బిందె ఒంపేది. రోజుకు ఇరవై సార్లు చదివేది. ఒక్కటీ తప్పేది కాదు.

మందిరంలో నిలబెట్టారు. తల మీద బిందె లేదు. కాళ్ల కింద దారి లేదు. పోలమ్మకు ఏమీ గుర్తు రాలేదు. అయ్యగారి వైపు చూసి మెల్లగా అడిగింది.

"నడుస్తూ చెప్పనా అయ్యగారూ?"

ఈసారి నవ్వు గట్టిగా వచ్చింది. కల్లు తాగిన వాడిలా మందిరంలో అటూ ఇటూ తిరుగుతుందట అని ఎవరో అన్నారు. అయ్యగారు నవ్వలేదు గాని, ఇది సంత కాదు, నిలబడి చెప్పమన్నాడు. ఆమె కళ్లు మూసుకుంది. పాదాలు కదపకుండా వేళ్లు మాత్రం కదిపింది. ఒకటి, రెండు, మూడు. నాలుగు, ఐదు, ఆరు. ఆరు మాటలు వచ్చాయి. ఏడోది తొట్టి దగ్గర ఉండిపోయింది.

ఆరు చాలవన్నాడు అయ్యగారు. వచ్చే విడత రమ్మన్నాడు. ఆ విడతకు కూడా తల మీద ఒకటి, చంకన ఒకటి. తొట్టి నింపింది, పక్కకు తప్పుకుంది.

మూడో విడత రాకముందే పోలమ్మ మంచాన పడింది. జ్వరం తగ్గలేదు. తిండి దిగలేదు. వారం రోజులకే మనిషి పుల్లలా అయింది. ఒక గురువారం తబితమ్మ వెళ్లి అయ్యగారి గుమ్మంలో నిలబడింది. అక్క పడుకునే ఏడూ చెబుతుందట, మీరు వచ్చి వినాలట, అంది.

అయ్యగారు వచ్చాడు. మంచం పక్కన కూర్చున్నాడు. పోలమ్మ చెప్పడం మొదలుపెట్టింది. దుప్పటి కింద ఆమె పాదాలు కదులుతూ ఉన్నాయి, ఒక అడుగు తర్వాత ఒక అడుగు. ఏడు మాటలూ వచ్చాయి. వరస తప్పలేదు. అయ్యగారు ఆదివారం బాప్తిస్మం ఇస్తానని మాట ఇచ్చాడు.

ఆ రోజే సంఘాన్ని పిలిచి చెప్పాడు. ఆదివారం పొద్దుటికి తొట్టి నిండాలి, పోలమ్మ కోసం అన్నాడు. నలభై ఇళ్లవాళ్లు ఉన్నారు. నలభై ఇళ్లవాళ్లూ ఆమెన్ అన్నారు.

నూట ఇరవై బిందెలు, నలభై ఇళ్లు. ఇంటికి మూడు బిందెలు. ఇంత చిన్న లెక్క ఇంకోటి లేదు.

శుక్రవారం ఎవరూ బావికి పోలేదు. ఎవరో ఒకరు పోతారులే అని అందరూ అనుకున్నారు. పదకొండేళ్లుగా తొట్టి దానంతటదే నిండినట్టు నిండేది. శనివారం తబితమ్మ తన పని ముగించుకుని వచ్చి చూస్తే తొట్టి పొడిగా ఉంది. ఇంటింటికీ పోయి అరిచింది. మావాళ్లు పోలేదా అన్నారు, ఇదిగో పోతాం అన్నారు, పొద్దున్నే చూస్తాం అన్నారు. ఆవిడ ఒక్కతే పొద్దు గూకేదాకా మోసింది. ఆవిడకు అలవాటు లేదు. పదకొండు బిందెలు మోసేసరికి నడుం పట్టేసింది.

ఆదివారం పొద్దున నలుగురు మనుషులు పోలమ్మను మంచంతో సహా మోసుకొచ్చి తొట్టి పక్కన దించారు. ఉతికిన తెల్లచీర కట్టారు ఆమెకు. సంఘమంతా వచ్చింది. అయ్యగారు తొట్టిలోకి చూశాడు. అడుగున పదకొండు బిందెల నీళ్లు. మనిషి దిగితే చీలమండ కూడా మునగదు.

ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. పోనీ నెత్తిన కాసిని చిలకరించండి అయ్యగారూ అని ఒక ముసలాయన గొణిగాడు. అయ్యగారు తటపటాయించాడు. మన సంఘంలో అది లేదన్నాడు. ఏం చేయాలో ఆయనకు తోచలేదు.

పోలమ్మ తల తిప్పి తొట్టి అంచును చూసింది. లోపల నీళ్లు ఆమెకు కనపడలేదు. అందరి మొహాలూ చూసి అర్థం చేసుకుంది. వాళ్లను ఓదార్చడానికి అన్నట్టు చెప్పింది.

"తొందరేం లేదు. నేను కొంచెం లేస్తే మూడు రోజుల్లో నింపేస్తాను."

అప్పుడు పరుగెత్తారు. పలుగురాళ్లపాడులో అంతమంది అంతగా పరుగెత్తడం అంతకు ముందు ఎవరూ చూడలేదు. ఆడవాళ్లు, మగవాళ్లు, కర్ర పట్టుకుని నడిచే ముసలివాళ్లు. బిందె దొరకనివాళ్లు వంటకుండ పట్టుకుని పోయారు. చెప్పులు తెగాయి. బిందెలు ఒకదానికొకటి తగిలి సొట్టలు పడ్డాయి. అయ్యగారు ముందు నడిచాడు. ఆయనకు తల మీద బిందె నిలపడం రాదు. చొక్కా అంతా తడుపుకుంటూ మోశాడు.

పొద్దు నడినెత్తికి రాకముందే తొట్టి నిండింది. మూడు రోజుల పని అనుకున్నది మూడు గంటల్లో అయిపోయింది. కానీ రెండో గంటలోనే పోలమ్మ పోయింది. తబితమ్మ ఒక్కతే పక్కన ఉంది. నిండిన తొట్టి పక్కన మంచం, మంచం మీద తెల్లచీర. పదకొండేళ్లలో ఆ తొట్టి ఆమె మోయని నీళ్లతో నిండడం అదే మొదటిసారి.

సాయంత్రం సమాధి దగ్గర అయ్యగారు రివాజు ప్రకారం ఏడు మాటలు చదవడం మొదలుపెట్టాడు. నాలుగు చదివాడు. ఐదోది దగ్గర ఆగిపోయాడు. రక్షణ దేవుడు ఊరికే ఇచ్చేది. ఆ మాట రాసింది ఆయనే. రెండు వందల సార్లు చదివి ఉంటాడు. పుస్తకం మూశాడు. ఊరికే ఇచ్చేదానికి నేను సుంకం పెట్టాను అన్నాడు. నాలుగు ఊళ్ల అవతల చెప్పిన బిందె మాట పోలమ్మదని, దాన్ని నాదిలా చెప్పుకున్నానని అందరి ముందు ఒప్పుకున్నాడు.

వెనక నుంచి ఎవరో అడిగారు, బాప్తిస్మం లేకుండా పోయింది కదా, ఆమె సంగతేమిటి అని. అయ్యగారు నోరు తెరిచే లోపు తబితమ్మ అందుకుంది.

"అక్క సంగతి నాకు బెంగ లేదు. బావిలో నుంచి తీసినవాడు తొట్టి నిండలేదని మళ్లీ బావిలో పడేస్తాడా? మన సంగతి చూసుకోండి. ఆరో మాట ఏమిటో ఎవరికైనా గుర్తుందా?"

నమ్మినవాళ్లంతా ఒక్క ఇంటివాళ్లు. అది అందరికీ కంఠతా వచ్చు.

మర్నాడు పొద్దున అయ్యగారు తొట్టి నీళ్లు వదిలేయనివ్వలేదు. నేను వెనక్కి పంపినవాళ్లంతా రండి అన్నాడు. పదిహేడు మంది వచ్చారు. కొందరికి నాలుగు మాటలు వచ్చు, కొందరికి రెండే వచ్చు. ఒక మేకల కాపరికి యేసు నన్ను తీశాడు అన్న ఒక్క మాట తప్ప ఏమీ రాదు. ఆ పదిహేడు మందీ ఆ నీళ్లలో మునిగి లేచారు. ఒక్కొక్కరు లేచినప్పుడల్లా అయ్యగారు మంచం దించిన చోటు వైపు చూశాడట.

ఇప్పుడు పలుగురాళ్లపాడుకు బోరు ఉంది. మోటారు వేస్తే తొట్టి చిటికెలో నిండుతుంది. అయినా బాప్తిస్మాల రోజు మోటారు వేయరు. ఇంటికి మూడు బిందెలు, బావి నుంచే. బాప్తిస్మం తీసుకునేవాళ్లు దారిలో నడుస్తూ ఏడు మాటలు చెబుతారు. మర్చిపోతే వెనక నడిచేవాళ్లు అందిస్తారు. ఎవరినీ వెనక్కి పంపరు.

ఆ చుట్టుపక్కల ఒక మాట కూడా ఉంది. ఎవరైనా చేస్తాం చేస్తాం అని పెద్దగా ఒప్పుకుంటే, నీది పదకొండు బిందెల ఆమెన్ కాదు కదా అని అడుగుతారు. అడిగించుకున్నవాడు తల దించుకుంటాడు. అడిగినవాడూ దించుకుంటాడు. ఆ పదకొండు బిందెలూ మోసింది తబితమ్మ అని ఊరందరికీ తెలుసు. ఆవిడ వంశంవాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. ఆ బిందెలు మావి అని వాళ్లు ఈనాటికీ చెప్పుకోరు. ఎవరూ మోయని మిగతా నూట తొమ్మిదిలో మావీ మూడు ఉన్నాయి అంటారు.