గైరమ్మ కొంగున మూడు ఫ్యూజులు

అనగా అనగా, వినగా వినగా, కరెంటు దీపం చూసి జనం ఇంకా ఆశ్చర్యపోతున్న రోజుల్లో, కొండకీ సముద్రానికీ నడుమ ఒక పల్లపు ఊరు ఉండేది. ఆ ఊరి పేరు మా అమ్మమ్మ ఒకటి చెప్పేది, మా పెద్దమ్మ ఇంకొకటి చెప్పేది. రెండూ కావని మా నాన్న అనేవాడు. పేరు పోనివ్వండి. ఊరు మాత్రం పళ్ళెంలా ఉండేది. పైన కురిసిన వానా, ఇళ్ళలో వాడి పారబోసిన నీళ్ళూ అన్నీ వచ్చి నడిమధ్యన నిలిచేవి. వాటంతట అవి సముద్రానికి పోలేవు. ఎవరో ఒకరు ఎత్తి పొయ్యాలి.

అందుకని ఊరి చివర పంపుల ఇల్లు కట్టారు. పైన రేకుల కప్పు. కింద నుయ్యిలాంటి లోతు గొయ్యి. గోతిలో పంపులు, గట్టున వాటిని తిప్పే కరెంటు మీటలు, దారి మూసి తెరిచే ఇనుప చక్రాలు.

ఆ పంపుల ఇంట్లో గైరమ్మ పనిచేసేది. మురుగు కాలవ లోపలికొచ్చే చోట ఇనుప ఊచలు ఉండేవి. చింకి గుడ్డలూ, కొబ్బరి పీచూ, అరటి దొప్పలూ వచ్చి అక్కడ తగులుకునేవి. పళ్ళున్న పొడుగాటి ఇనుప కర్రతో వాటిని లాగి గట్టున పడెయ్యడం ఆమె పని. పొట్టి మనిషి, నల్లటి మనిషి, నెమ్మది మనిషి. ఆ కంపుకి జడిసి పంపుల మేస్త్రీ దగ్గర పని నేర్చుకోడానికి ఎవరూ వచ్చేవారు కాదు. వచ్చినవాళ్ళు నిలిచేవారు కాదు. మేస్త్రీ పేరు అసిరయ్య. ఆయనకి మోకాళ్ళు అరిగిపోయాయి. ఒకరోజు గైరమ్మని పిలిచాడు.

"అమ్మీ, కంపు నీకు అలవాటే గదా. పంపులు నేర్చుకుంటావేటి?"

"నాకు బుర్ర లేదు మావా," అంది గైరమ్మ.

"బుర్ర ఎందుకే? మూడు పంపులు, మూడు మాటలు. పోసి, మూసి, తెరిచి. అంతే."

అంతే అన్నాడు గానీ, అక్కడే మొదలైంది తికమక.

తోటకి నీళ్ళు పెట్టే పంపు ఒకటి. గైరమ్మ మీట ఎత్తింది. పంపు గర్రుమని తిరిగింది. చుక్క నీరు రాలేదు.

"దాని గొంతులో గాలుందే," అన్నాడు అసిరయ్య. "గాలిని అది లాగలేదు. ముందు గొంతు నిండా నీళ్ళు పోసి, అప్పుడు మొదలెట్టాల."

గైరమ్మ సరేనంది. మర్నాడు బురదని తోసే పంపు దగ్గరికెళ్ళి, దానికీ చెంబెడు నీళ్ళు పోసింది. దాని దారి మూసి ఉంది. మూసి ఉండగానే మీట ఎత్తింది. గొట్టం అతుకు ఫట్టుమని విడిపోయి, అసిరయ్య తెల్ల పంచె నిండా బురద పడింది.

"ఓలమ్మో! దీనికి తెరిచి మొదలెట్టాలే!" అని అరిచాడాయన. "ఇది ముందుకి తోయడమే గానీ ఆగడం ఎరగదు. దారి లేకపోతే గొట్టం చీల్చేస్తాది."

గైరమ్మ సరేనంది. ఆ మర్నాడు పెద్ద మురుగు పంపు దగ్గరికెళ్ళి, జాగ్రత్తగా దారంతా తెరిచి మీట ఎత్తింది. మోటారు మూలిగింది. ఫ్యూజు ఠప్పుమని పేలింది.

"దీనికి మూసి మొదలెట్టాలే! లేస్తూనే అంత బరువెత్తమంటే దాని నడుం పడిపోదేటి? మూసి మొదలెట్టు. తిరుగుడు అందుకున్నాక మెల్లగా తెరువు."

"అయితే మూయడం మంచిదా మావా, తెరవడం మంచిదా?"

"దేనికది మంచిదే."

గైరమ్మ తల పట్టుకుంది. అదొక్కటే కాదు. తిరిగే ఇరుసు దగ్గర తాడు చుట్టి ఉంటుంది. అక్కడ నీళ్ళు కారుతున్నాయని ఆమె బిగించింది. ఇంకా కారాయి, ఇంకా బిగించింది. తాడు మాడి పొగ వచ్చింది. అసిరయ్య పరిగెత్తుకొచ్చి వదులు చేశాడు.

"అది చుక్కచుక్కగా కారాలే. ఆ చుక్కే దాన్ని చల్లగా ఉంచుతాది."

"ఇంట్లో కుండ కారితే తప్పన్నారు. ఇక్కడ కారకపోతే తప్పంటున్నారు. ఏటి మావా ఇది?"

అసిరయ్య నవ్వాడు. కోప్పడలేదు. గైరమ్మ మాత్రం మీట దగ్గరికెళ్ళిన ప్రతిసారీ, చెయ్యి గాల్లో ఆపి అడిగేది. "పోసా, మూసా, తెరిచా? ఇది ఏది మావా?" పొద్దున్న అడిగింది సాయంత్రం మళ్ళీ అడిగేది. ఎండాకాలంలో అడిగింది వానాకాలంలో మళ్ళీ అడిగేది. అసిరయ్య మేనల్లుడు పోలయ్య కూడా అక్కడే పనికి చేరాడు. చురుకైనవాడు. ఒక్కసారి చెబితే పట్టేసేవాడు. వాడికి చిరాకొచ్చేది.

"నిన్న చెప్పిందే గదా అత్తా! రాయిని అడిగినా ఈపాటికి చెప్పును."

"నిన్న తెలిసినట్టే ఉందిరా. ఇవాళ మళ్ళీ కలిసిపోనాయి," అనేది గైరమ్మ.

ఊళ్ళో పిల్లలు ఆమె కనబడితే చాలు, "పోసా, మూసా, తెరిచా?" అని వెంటబడేవారు. ఆమెకి సిగ్గేసేది. సిగ్గేసినా అడగడం మానేది కాదు. చేతికి తెలియని పని చెయ్యాలంటే ఆమెకి భయం.

ఇలా ఉండగా, ఒక వానాకాలం ముందు అసిరయ్య నిచ్చెన మీంచి జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. కొండ మొదట్లో ఉన్న తన ఇంట్లో మంచం పట్టాడు. పంపుల ఇంట్లో గైరమ్మా పోలయ్యా మిగిలారు.

ఆ ఏడు ముసురు పట్టింది. వాన వచ్చింది, పోయింది అనుకుంటే మళ్ళీ వచ్చింది. మూడోసారి వచ్చి ఇక పోలేదు. కాలవ నిండింది. వీధి నిండింది. పల్లపు వీధిలో మురుగు గడపలెక్కింది. ఒక్క మురుగు పంపే ఊరిని కాస్తోంది.

మధ్యాహ్నం వేళ ఊచలకి చెత్త అడ్డం పడిందని గైరమ్మ కాలవ గట్టుకి పోయింది. వానలో తడుస్తూ చాలాసేపు లాగింది. తిరిగి లోపలికొచ్చేసరికి మురుగు పంపు ఆగిపోయి ఉంది. మీట దింపి ఉంది. దారి మూసే చక్రం సగంలో ఉంది. పోలయ్య లేడు.

"పోలిగా!" అని పిలిచింది. రేకుల మీద వాన చప్పుడులో ఆమె గొంతు ఆమెకే వినబడలేదు. పోలయ్య ఇల్లు పల్లపు వీధిలోనే ఉంది. పెళ్ళాం పిల్లల్ని చూసుకోడానికి పరిగెత్తి ఉంటాడు అనుకుంది.

ఇంతలో జనం వచ్చిపడ్డారు. ముందు తవిటినాయుడు ఉన్నాడు. ఊళ్ళో బియ్యం మిల్లు ఆయనదే. మోకాళ్ళదాకా బురదతో ఉన్నాడు.

"పంపు ఎందుకాపావే? ధాన్యం బస్తాలన్నీ మురుగులో నానుతున్నాయి! పెట్టు!"

"నాను ఆపలేదు బాబూ. ఎవులు ఆపారో తెలవదు."

"ఎవరాపితే ఏం? పెట్టు!"

గైరమ్మ మీట దగ్గరికి వెళ్ళింది. చెయ్యి ఎత్తింది. ఆ చెయ్యి గాల్లోనే ఆగింది. పోసి, మూసి, తెరిచి. ఏది? తోటకి పోసి. అది గట్టిగా తెలుసు. మరి దీనికి? గొట్టం చీలింది దేనికి? ఫ్యూజు పేలింది దేనికి? తప్పు చేస్తే మోటారు కాలిపోతుంది. కాలితే ఊరికి ఇంకో దిక్కు లేదు.

"మూసా, తెరిచా?" అని పైకే అడిగింది.

"తెరిచి పెట్టు. నీరు పోడానికి దారుండొద్దా?" అన్నాడు తవిటినాయుడు. ఆ మాట సబబుగానే ఉంది.

"మూసి పెట్టవే. ఆమధ్య మేస్త్రీ మూసే పెట్టాడు, నే చూశాను," అంది ఒక ముసలమ్మ. అదీ సబబుగానే ఉంది.

"ఎందుకొచ్చిన గొడవ, సగంలో ఉంది గదా, సగంలోనే పెట్టు," అన్నాడు వెనకనుంచి ఇంకొకడు.

ముగ్గురూ ధైర్యంగానే చెప్పారు. గైరమ్మ ముగ్గురి ముఖాలూ చూసింది.

"నాకు తెలవదు. మావనడిగొస్తాను," అంది.

జనం గొల్లుమన్నారు. "ఇళ్ళు మునిగిపోతుంటే కొండ దాకా పోయి అడిగొస్తావా? పిచ్చిదానా!" తవిటినాయుడు ముందుకొచ్చాడు. "తప్పుకో. నేనే పెడతాను."

ఆయన పెద్దమనిషి. గైరమ్మ ఆయనతో ఏనాడూ ఎదురు మాట్లాడింది లేదు. ఆ రోజూ మాట్లాడలేదు. కరెంటు బోర్డు తలుపు తెరిచి, మురుగు పంపు తాలూకు పింగాణీ ఫ్యూజులు ఒకటి, రెండు, మూడు పీకేసింది. అవి లేకపోతే ఎవరు మీట ఎత్తినా పంపుకి కరెంటు అందదు. వాటిని కొంగున మూట కట్టుకుంది. బొడ్లో దోపుకుని వానలోకి దిగింది.

వెనక తిట్లు. ముందు నీళ్ళు. నడుంలోతున నడిచింది, మోకాల్లోతున నడిచింది, చీలమండల లోతున నడిచింది. దారిలో తనవాళ్ళే, "ఓలె గైరీ, నీ వల్ల మా పొయ్యి మునిగిందే," అని ఏడ్చారు. ఆమె కూడా ఏడ్చింది. తను చేస్తున్నది ఒప్పో తప్పో ఆమెకి అంతుపట్టలేదు. ఎవడైనా తెలివైనవాడు ఈపాటికి పంపు పెట్టేసి ఉండేవాడు గదా అనుకుంది. అయినా కాళ్ళు వెనక్కి తిరగలేదు.

అసిరయ్య ఆమెని చూసి మంచం మీద లేవబోయాడు.

"మావా, మురుగు పంపు మూసా, తెరిచా?"

"అది అడగడానికి ఇంత వానలో వచ్చావా?"

"మర్చిపోనాను మావా. కోప్పడకు."

అసిరయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "మూసి," అన్నాడు. "మూసి. మూసి." మూడుసార్లు అన్నాడు. ఆ మాటే గొణుక్కుంటూ ఆమె వెనక్కి పరిగెత్తింది.

పంపుల ఇంటి దగ్గర జనం ఇంకా ఉన్నారు. ఆమెని చూసి ఒకడు బురద విసిరాడు. గైరమ్మ తుడుచుకుని లోపలికి నడిచింది. కొంగు ముడి విప్పబోయింది.

అప్పుడు గోతిలో నిచ్చెన కదిలింది. కింద నుంచి ఒక మనిషి పైకొచ్చాడు. తల నుంచి కాళ్ళ దాకా నల్లగా, ఎవరో పోల్చుకోలేనట్టు ఉన్నాడు. చేతిలో తాడులా మెలితిరిగిపోయిన పాత దోమతెర.

"ఊడొచ్చింది ముదనష్టపుది!" అన్నాడు. పోలయ్య గొంతు. "పంపు లోపల తిరిగే చక్రానికి చుట్టుకుని తిరగనివ్వకుండా చేసింది. భుజం దాకా చెయ్యి లోపల పెట్టి, చాకుతో కోసి కోసి లాగాను. ఇక పెట్టొచ్చు."

పోలయ్య బోర్డు వైపు చూశాడు. తను దింపి వెళ్ళిన మీట ఎత్తి ఉంది.

"ఇది ఎవరెత్తారు?"

తవిటినాయుడు తల దించుకున్నాడు. గైరమ్మ అటు పోగానే ఆయన మీట ఎత్తాడు. పంపు కదలకపోతే దింపి మళ్ళీ ఎత్తాడు. మూడోసారీ ఎత్తి, ఆమె పట్టుకుపోయిన ఫ్యూజులు లేకుండా అది తిరగదని తెలియక, పంపుని తిట్టి మీట అలాగే వదిలేశాడు.

పోలయ్య గైరమ్మ కొంగు చూశాడు. తన కుడిచెయ్యి చూసుకున్నాడు. అక్కడే కూలబడ్డాడు. తవిటినాయుడు కూడా కూలబడ్డాడు. బురదలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు.

"ఏటయిందిరా? ఎందుకలా అయిపోనారు?" అంది గైరమ్మ. ఆమెకి అర్థం కాలేదు. మీట ఎత్తినప్పుడు వాడి చెయ్యి పంపు లోపల ఉందని చెబితే ఇంకా కంగారు పడింది. పోలయ్య ఒళ్ళంతా తడిమి చూసింది. చేతివేళ్ళు ఒక్కొక్కటీ పట్టుకుని చూసింది.

తరవాత ఫ్యూజులు పెట్టారు. మూసి మొదలెట్టారు. మెల్లగా తెరిచారు. పొద్దుగూకేసరికి పల్లపు వీధిలో గడపలు తేలాయి. మిల్లులో ధాన్యం చాలావరకు పాడైంది. తవిటినాయుడు ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. పోలయ్య, తను గోతిలోకి దిగుతున్నానని కాలవ గట్టు మీదికి కేకేసే చెప్పానన్నాడు. గైరమ్మ తనకి వినబడలేదంది. ఏది నిజమో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

ఆ తరవాత జనం ఆమెని మెచ్చుకోవడం మొదలెట్టారు. అమ్మవారు చెవిలో చెప్పిందన్నారు. గైరమ్మకి అంతా ముందే తెలుసన్నారు. తవిటినాయుడి భార్య చీర తెచ్చి పెట్టింది.

"అయ్యో తల్లీ," అంది గైరమ్మ, "వాడు లోపలున్నాడని నాకేం తెలుసు? ఎటు తిప్పాలో తెలవక పోనాను. తెలిస్తే అప్పుడే మీట ఎత్తేద్దును గదా." ఆ మాట అంటూనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అసిరయ్య పోయాడు. గైరమ్మ ముసలిదైంది. చివరిదాకా ఆమెకి ఆ మూడు మాటలూ కలిసిపోతూనే ఉండేవి. "పోసా, మూసా, తెరిచా? ఇది ఏదిరా పోలిగా?" అని అడిగేది. పోలయ్య ఇప్పుడు విసుక్కునేవాడు కాదు. ఎన్నిసార్లడిగితే అన్నిసార్లు చెప్పేవాడు. ఒకనాడు ఊచల దగ్గర చెత్త లాగుతూ అలిసిపోయి గట్టున కూర్చుంది. మళ్ళీ లేవలేదు. ఆమెని మోసుకెళ్ళేటప్పుడు పాడె ముందు కొమ్ము పోలయ్య పట్టాడు, వెనక కొమ్ము తవిటినాయుడు పట్టాడు. కులం తక్కువని ఎవరో గొణిగితే ఆయన వినిపించుకోలేదు.

ఆ వైపు ఊళ్ళలో ఇప్పటికీ పిల్లలు ఒకే లెక్క రెండుసార్లు అడగడానికి సిగ్గుపడితే, "గైరమ్మ అడగలేదేటి? అడుగు," అంటారు. పంపుల ఇంట్లో గోతిలోకి దిగేవాళ్ళెవరైనా ముందు ఫ్యూజులు పీకి తమ తుండుగుడ్డలో మూట కట్టుకుంటారు. దాన్ని గైరమ్మ మూట అంటారు. ఆ మూట కట్టుకున్నవాడు పైకొచ్చి తన చేత్తో విప్పేదాకా, రాజుగారొచ్చి అడిగినా మీట ఎత్తరు.

ఎత్తే ముందు గోతిలోకి వంగి, "లోపల ఎవరున్నారు?" అని మూడుసార్లు కేకేస్తారు. ఎవరూ లేరని తెలిసినా కేకేస్తారు. తరవాత ఒక్క క్షణం, జవాబు కోసం ఆగుతారు.