పేరమ్మ సైకిలుకు ఎడమ పెడలు

అనగనగా ఒక ఉప్పుల సీమ. ఆ సీమకు రోడ్డు కన్నా ముందే సైకిలు వచ్చింది. ఎలా వచ్చిందో, ఎవరి చేతుల్లో నిలబడిందో వినండి. కాస్త ముందుకు జరగండి, వెనకాలవాళ్ళకూ చోటు కావాలి.

ఆ సీమలో కలవపాడు అని ఒక ఊరు. ఆ ఊళ్ళో చిట్టిబ్రహ్మం అని బండ్లు కట్టే వడ్రంగి. అలాంటి ఇలాంటి వడ్రంగి కాదు! ఆయన చేసిన చక్రం ఒకటి బండి నుంచి ఊడిపోయి, ఊరూరా తిరిగి, సంత చూసుకుని, పొద్దుగూకేలోగా తనంతట తానే ఇంటికొచ్చి గోడకు ఆనుకుని నిలబడిందట. చూసినవాళ్ళు ఊరినిండా ఉండేవారు. ఇప్పుడు లేరు గానీ, అప్పుడు ఉండేవారు.

"ఈ చేతులు ఒకసారి బిగించాయంటే, మళ్ళీ విప్పే పని బ్రహ్మదేవుడికి కూడా ఉండదు!" అనేవాడు చిట్టిబ్రహ్మం, మీసం మెలేస్తూ.

ఆయన భార్య పేరమ్మ. చుట్టుపక్కల పల్లెలన్నిటికీ ఆమే మంత్రసాని. ఆమె చెయ్యి తగిలితే బిడ్డలు నవ్వుతూ పుట్టేవారనీ, పుడుతూనే "పేరమ్మత్తా!" అని పిలిచేవారనీ చెప్పుకునేవారు.

అంతటి పేరమ్మకు మడమ శూల పట్టుకుంది. అడుగు వేస్తే ముల్లు గుచ్చినట్టుండేది. పోనీ బండి కట్టుకుని వెళ్దామంటే, పల్లెలన్నీ ఉప్పు మడుల అవతల ఉన్నాయి. మడుల మధ్య గట్లు సన్నం. మనిషి పోతాడు, బండి పోదు.

కిందటి వానల్లో ఉప్పు మడుల గంగులు ఇంటికి పేరమ్మ కుంటుకుంటూ చేరేసరికి ఆలస్యమైపోయింది. ఆ ఇంట్లో ఉయ్యాల కట్టలేదు.

పేరమ్మ ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. "వేళకు అందని చెయ్యి ఎందుకయ్యా? ఇంక నేను వెళ్ళను" అంది.

ఏడాది తిరిగింది. గంగులు భార్యకు మళ్ళీ నెలలు నిండుతున్నాయి. ఈసారి ఆలస్యం కాకూడదు. చిట్టిబ్రహ్మానికి అదొక్కటే దిగులు. నిద్రలో కూడా కాళ్ళు ఆడించేవాడట.

ఆ రోజుల్లోనే జమీందారు గారి రథానికి కొత్త చక్రాలు చేసిపెట్టాడు. దొరగారు సంతోషించి, "ఏం కావాలో కోరుకో బ్రహ్మం" అన్నారు.

దివాణం కొట్టులో ఒక గోతం ఉంది. దొరగారు పట్నం నుంచి సైకిలు తెప్పించుకుని, లోపల ఏముందో చూద్దామని ముక్కముక్కలుగా విప్పించి, మళ్ళీ బిగించే దిక్కులేక దాన్ని గోతంలో పోయించారు.

"ఆ గోతం ఇప్పించండి దొరా" అన్నాడు చిట్టిబ్రహ్మం.

దొరగారు పొట్ట పట్టుకుని నవ్వారు. "అది ఇనప ముక్కలయ్యా! బిగించే మొనగాడు మా దివాణంలోనే లేడు."

"గోతం ఇప్పించండి. మొనగాడు మా ఇంట్లో ఉన్నాడు!"

అలా సైకిలు గోతంలో నడుచుకుంటూ కలవపాడు వచ్చింది.

ఆహా, ఏం రోజులవి! ఒక ఇంట్లో పని మొదలైతే వీధి వీధంతా వచ్చి కూర్చునేది. చిట్టిబ్రహ్మం పెరట్లో చాప పరిచి ముక్కలన్నీ పేర్చాడు. ఇనుము వాసన, కొత్త రబ్బరు వాసన, చింతనిప్పుల మీద మరిగే కాఫీ వాసన కలిసి వీధి చివరిదాకా వచ్చేవి. ఒకరు అటుకులు తెచ్చారు, ఒకరు సలహాలు తెచ్చారు. సలహాలే ఎక్కువ మిగిలాయి.

కొట్టంలో ఒక ముసలి బొల్లెద్దు ఉండేది. బండి లాగడం మానేసి, మాట్లాడ్డం మొదలుపెట్టింది. ఎద్దు మాట్లాడుతుందా అంటారేమో! ఆ కాలంలో అన్నీ మాట్లాడేవి. వినే తీరిక మనుషులకు ఉండేది.

ముందుగా చక్రాలు ఎక్కించాడు చిట్టిబ్రహ్మం. పెడళ్ళూ చెయినూ తరవాత చూద్దామనుకున్నాడు. పేరమ్మ చీర గోచీ పోసుకుని సీటెక్కింది. ఆయన వెనక పట్టుకుని నెట్టాడు.

సైకిలు ఇటు ఊగింది, అటు ఊగింది, వీధి అంతా కొలిచింది. చివరికి పేరమ్మను గడ్డివాములో పడేసింది.

"ఏమయ్యా, ఇది సైకిలా, కల్లు తాగిన మేకా?" అంది పేరమ్మ, జుట్టులో గడ్డి ఏరుకుంటూ.

"సైకిలుకేం? నేలే ఎగుడుదిగుడు!" అన్నాడు చిట్టిబ్రహ్మం. అని ఊరుకున్నాడా? పలుగూ పారా తీసుకుని వీధి అంతా చదును చేశాడు. నీళ్ళు పోస్తే ఎటు పారాలో తెలియక నిలబడిపోయేవట, అంత చదును! అయినా సైకిలు ఊగుతూనే ఉంది.

సాయంత్రం మేత వెయ్యబోతే బొల్లెద్దు అంది: "నేల బాగుచేశావు, సంతోషం. బండి చక్రానికి ఇరుసు దగ్గర వదులు ఉంచుతావు కదా, పట్టెయ్యకుండా. దీనికీ అలాగే ఉంచావేమిటి బ్రహ్మం?"

నిజమే. చెయ్యి అలవాటు కొద్దీ బండికి ఉంచినంత వదులూ సైకిలుకు ఉంచేశాడు. అటూ ఇటూ చూసి, కొట్టం తలుపేసుకుని, నట్లు విప్పి సరిగ్గా బిగించాడు. పొద్దున్నే వీధిలోకి వచ్చి, "చూశారా, నేల సర్దుకుంది!" అన్నాడు.

ఇంక బ్రేకులు బిగించాడు. బిగించి, తళతళలాడుతున్న రిమ్ములను చూసి మురిసిపోయి, బండి ఇరుసుకు పూసే కందెన, ఆముదంలో గడ్డి మసి రంగరించినది, రిమ్ములకు దిట్టంగా పట్టించాడు. ఆయన చేతిలో కందెన పడని చక్రం ఏనాడూ గడప దాటలేదు మరి!

చెరువు గట్టు వాలులో పేరమ్మను వదిలాడు. సైకిలు చక్కగా పోయింది. ఆగమన్నచోట మాత్రం ఆగలేదు. బ్రేకు నొక్కిన కొద్దీ ఇంకా సాఫీగా జారింది. గట్టు కింద కనకయ్య అనే రైతు గుమ్మడి పాదులోకి దూసుకెళ్ళి, ఒక కాయను వాహనం చేసుకుని అవతలి దొడ్లో తేలింది పేరమ్మ.

"బ్రహ్మయ్యా, నీ పెళ్ళాన్నీ నా గుమ్మడికాయనీ ఎవరు విడదీస్తారయ్యా!" అని కనకయ్య కేకలు.

"దివాణం వాళ్ళ బ్రేకు రబ్బరు నాసిరకం!" అన్నాడు చిట్టిబ్రహ్మం.

బొల్లెద్దు నవ్విన నవ్వుకు కొట్టం కప్పు లేచి కూర్చుంది. "పట్టుకోవాల్సిన చోట ఆముదం పూసి, పట్టుకోలేదంటావేం?"

మళ్ళీ తలుపేసుకున్నాడు. బూడిదతో తోమాడు, కుంకుడు నురుగుతో కడిగాడు. పొద్దున్నే, "రబ్బరును నాలుగు మాటలని దారిలో పెట్టాను!" అన్నాడు. వీధి నమ్మింది. పేరమ్మ నమ్మలేదు గానీ నవ్వి ఊరుకుంది.

ఇంక మిగిలినవి చెయినూ పెడళ్ళూ. చెయిను ఎక్కింది. కుడి పెడలు వెన్నలా దిగింది. ఎడమది దిగనంది. కుడివైపు తిప్పాడు, దిగలేదు. బలం పెట్టాడు, దిగలేదు. చెమటలు కారి పెరట్లో తోటకూర మొలిచింది గానీ పెడలు దిగలేదు.

మర మెలికలు సరిగ్గా లేవనుకున్నాడు. బండిలో మేకు వదులైతే ఏం చేస్తాడు? నార చుట్టి కొడతితో, అంటే కర్ర సుత్తితో, దిగ్గొడతాడు. అదే చేశాడు. పెడలు మొనకు జనపనార చుట్టి, కర్ర కొడతితో నాలుగు వేశాడు. మొన మాత్రం దూరింది. బయటికి చూస్తే బిగిసినట్టే ఉంది. చేత్తో పట్టుకుని కదిపితే పాలపన్నులా కదిలింది.

సరిగ్గా అప్పుడే గంగులు గట్ల మీద పరుగెత్తుకుంటూ వచ్చాడు. "పేరమ్మత్తా! మా ఇంటిదానికి నొప్పులు మొదలయ్యాయి. ఈసారి... ఈసారి..."

ఆకాశం నల్లగా కమ్మింది. పేరమ్మ సంచీ భుజాన వేసుకుని సైకిలు దగ్గరికి వచ్చింది. తొక్కడం వచ్చా అంటారా? పెడళ్ళు లేని సైకిలు మీద వీధులూ గుమ్మడి పాదులూ ఏలిన మనిషికి పెడళ్ళొక లెక్కా!

వీధంతా పోగైంది. కరణం గారు పైపంచె సవరించుకుని, "చిట్టిబ్రహ్మం చేతికి తిరుగు లేదు! దివాణానికి చేతకానిది మన ఊరు చేసింది!" అన్నారు. ఎవరో బంతిపూల దండ తెచ్చి చిట్టిబ్రహ్మం మెళ్ళో వేశారు.

చిట్టిబ్రహ్మం కొట్టం వైపు చూశాడు. ఎద్దు ఆయన కళ్ళలోకి చూస్తూ నెమరు వేస్తోంది.

పేరమ్మ సీటెక్కింది. ఇంకో క్షణమైతే వెళ్ళిపోయేది. గట్టు మధ్యలో ఆ పెడలు ఊడితే? అటు మడి, ఇటు మడి, పైన వాన. అక్కడ ఆ తల్లి. ఇక్కడ ఈ దండ.

చిట్టిబ్రహ్మం హ్యాండిలుకు అడ్డంగా నిలబడ్డాడు.

"దిగు పేరమ్మా."

"ఏమైందయ్యా? వేళ మించిపోతోంది!"

"ఎడమ పెడలు తప్పు బిగించాను. నాకు దిగలేదు. నార చుట్టి కొట్టాను." హ్యాండిలు గట్టిగా పట్టుకున్నాడు. "నేలదీ తప్పు కాదు, రబ్బరుదీ కాదు. ఆ తప్పులూ నేను చేసినవే."

వీధిలో కలకలం రేగింది. "అయ్యో, దండ వేసేశామే!" అన్నారెవరో. ఎవరో కిసుక్కున నవ్వారు. చిట్టిబ్రహ్మం దండ తీసి హ్యాండిలుకు తగిలించి, స్పానరు పట్టుకుని నేల మీద కూలబడ్డాడు. తలుపు వేసుకోలేదు. జీవితంలో మొదటిసారి పదిమంది ముందు విప్పడానికి కూర్చున్నాడు.

కొట్టిందాన్ని లాగితే రాలేదు. ఊడదియ్యడానికి ఎడమవైపు తిప్పాడు. నార పటుక్కున తెగి రాలింది. ఇంకొంచెం తిప్పాడు.

పెడలు బయటికి రాలేదు. లోపలికి పోయింది!

ఆగిపోయాడు. మళ్ళీ తిప్పాడు. ఇంకా లోపలికి పోయింది. వెన్నలా, తేనెలా, గూటికి చేరే పిట్టలా సరసరా దిగింది. ఎడమ పెడలుకు మర ఎదురు తిప్పులో ఉంటుందని, విప్పబోతే తప్ప తెలియనే లేదు. విప్పుతున్నాననుకుని బిగించేశాడు!

ఊపి చూశాడు. కదలలేదు. "ఎక్కు!" అని అరిచాడు. ఆ అరుపుకు ఉప్పు మడుల్లో కొంగలన్నీ ఒక్కసారి లేచాయి.

పేరమ్మ వెళ్ళింది. అలా ఇలా వెళ్ళలేదు! చినుకు ఆమె వెనకాలే పడుతూ వచ్చింది గానీ ఆమెను అందుకోలేకపోయింది. గంగులు పరుగెత్తలేక సగం దారిలో చతికిలబడ్డాడు.

చిట్టిబ్రహ్మం అరుగు మీదే కూర్చున్నాడు. పిలిచినా భోజనానికి లేవలేదు. తెల్లవారింది. వాన వెలిసింది. గట్టు మీద సైకిలు కనబడింది.

"ఆడపిల్ల!" అంది పేరమ్మ దిగుతూనే. "పేగు మెడకు చుట్టుకుని ఉందయ్యా. నేను చేరడం ఇంకాస్త..." ఆగి, కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఏడుపు ఇక్కడికి వినబడలేదూ? ఏం గొంతయ్యా దానిది!"

"పెడలు కదిలిందా?" అన్నాడు చిట్టిబ్రహ్మం.

"ఊహూఁ" అంది పేరమ్మ. ఆయన పక్కనే అరుగు మీద కూర్చుంది.

తరవాత ఆ సీమకు ఎన్ని గోతాలు వచ్చాయో, ఎన్ని సైకిళ్ళు చిట్టిబ్రహ్మం పెరట్లో లేచి నిలబడ్డాయో లెక్కపెట్టాలంటే ఆకాశంలో చుక్కలు చాలవు. ఎవరింటి సైకిలు వాళ్ళే బిగించుకునేవారు, తప్పు బిగిస్తే నవ్వుకుంటూ విప్పుకునేవారు. ఆ పెరట్లో కట్టుబాటు ఒకటే: విప్పేవాడిని చూసి ఎవరూ ఎగతాళి చెయ్యకూడదు. ఇప్పుడా పెరడు లేదు, ఆ ఎద్దు లేదు, చాప చుట్టూ చేరే ఆ వీధీ లేదు. ఆ సైకిళ్ళ మీద ఎక్కి తిరిగినవాళ్ళు మాత్రం ఇప్పటికీ ఆ ఇనుము వాసన తలుచుకుంటారు.

తాను తప్పుగా బిగించినదాన్ని పదిమంది ఎదుట తానే విప్పగలిగినవాడే అసలైన పనివాడు.