పుట్టింటి కుండలో దోమ

మురుక్కాలవలో ఉండాల్సిన దోమ మన మంచినీల్ల కుండలోకెందుకొచ్చిందంటావా? అది రాలేదురా నాయినా. మనమే నెత్తినెట్టుకుని తెచ్చుకున్నాం. తవిటమ్మ తెచ్చింది. పాపం, దానికేటి తెలుసు.

ఒకప్పుడు ఈ దోమ కొండ మీదే ఉండేది. సెట్టు తొర్రలో నాలుగు వానసుక్కలు నిలిస్తే అదే దాని ఇల్లు. పువ్వుల్లో తేనె తాగేది. ఎవుర్నీ కుట్టేది కాదు. ఒల్లంతా నల్లగా బొగ్గుముక్కలాగుండేది.

ఆ కొండ మీదే జొరం కూడా ఉండేది. కోతుల ఒంట్లో కూకునుండేది. దానికి కాల్లు లేవు, రెక్కలు లేవు. కొండ దిగి ఊల్లు సూడాలని దానికి మా సెడ్డ ఆశ.

గాలినడిగింది, "నన్ను కిందికి తీసుకెల్లవా?"

"ఛీ, నువ్వు ముట్టుకుంటే నా ఒల్లు కాలిపోద్ది" అని గాలి పరిగెత్తింది.

కొండమీంచి పారే గెడ్డనడిగింది. "నాలో దిగితే సల్లారి సస్తావు, పో" అని గెడ్డ దూకుతా ఎల్లిపోయింది.

అప్పుడు దోమనడిగింది. "ఒలే దోమా, నీ గుడ్లు ఎందుకు నిలబడట్లేదో తెలుసా? తేనె సాల్దే. నెత్తురు తాగాల. ఈ కోతిని కుట్టు. పిల్లలు నీకు, సవారీ నాకు."

పిల్లల మీద ఆశ దోమకి మాత్రం ఉండదా? కుట్టింది. జొరం దాని కడుపులోకెక్కి కూకుంది.

అదిగో, అప్పుడే తవిటమ్మ పురిటికి కొండమీద పుట్టింటికొచ్చి, మగపిల్లోడ్ని కని, సముద్రం ఒడ్డునున్న అత్తోరింటికి తిరిగెల్తోంది. కొండోల్లకొక ఆనవాయితీ ఉంది. పురుడోసిన కూతుర్ని పంపేటప్పుడు ఊటనీల్లు కుండలో పోసిచ్చేవోరు. ఆ కుండ ఎండకూడదు. తాగినకొద్దీ పైన పోస్తా ఉండాల. అడుగు కనపడిందంటే కొండ మీద అమ్మకి సావే అని నమ్మకం.

తవిటమ్మ అమ్మ కుండకి సున్నం పట్టీలు గీసింది. సున్నం పచ్చిగుండగానే దోమ దాని మీద వాలింది. కాల్లకీ ఒంటికీ తెల్లగా అంటుకుంది. ఎంత దులుపుకున్నా పోలేదు. ఇప్పుడు నువ్వు సూసే పట్టీలు అవే. అలాగే కుండలో దూరి, లోపల గోడకి కనపడీ కనపడనట్టు గుడ్లంటించీసింది. తవిటమ్మ కుండ నెత్తినెట్టుకుంది, పిల్లోడ్ని సంకనేసుకుంది, కొండ దిగింది.

సముద్రం ఒడ్డున నూతినీల్లు ఉప్పుప్పగా ఉంటాయి కదా. "ఏటే కోడలా, మా నూతినీల్లు నీ నోటికానవా?" అని అత్త ఎత్తిపొడిసేది. మల్లీ ఆ అత్తే సెంబుతో ముంచుకుని తాగేది. "ఒదినా, మా కుండలో కూడా ఒక్క సెంబుడు పొయ్యవే" అని ఇరుగూపొరుగూ. పడవలోల్లు ముంతలకెత్తుకుని పక్క రేవులకి పట్టుకెల్లారు. నీల్లతో దోమపిల్లలెల్లాయి. ఆటి కడుపుల్లో జొరమూ ఎల్లింది.

ముందు పడవలోల్లు పడ్డారు. ఎముకలు రోట్లో ఏసి దంచినట్టు నొప్పులు. కల్లెనక పోటు. ఒంటినిండా ఎర్రటి పొక్కులు. ఈ రేవులో ఏడుపు ఆగకముందే ఆ రేవులో మొదలయ్యేది. పొయ్యిల్లో పొగ లేదు. వలలు ఎండలో అలాగే పడున్నాయి.

తవిటమ్మ తన పిల్లోడు కూర్మిగాడ్ని కొంగులో కప్పుకుని తలుపేసుకుంది. జొరం బయటినుంచొస్తాదనుకుంది. కుండేమో ఇంట్లోనే ఉంది.

గడప కింద కప్పొకటుండేది. "ఓ తవిటమ్మా, తలుపుకేసి ఏటి సూస్తావు? కుండలోకి సూడు. గెంతుతున్నాయి పురుగులు. పారబొయ్యి. పీచెట్టి లోపల గట్టిగా తోము. ఎండలో బోర్లించు."

"అడుగు కనపడితే మాయమ్మ సచ్చిపోద్ది."

"మరి నీ సంకలో ఉన్నోడో?"

"నోర్ముయ్, కప్ప మొకమా!" అని సీపురు ఇసిరింది.

ఇసిరిందే గానీ, కుండలోకి తొంగి సూసింది. పిల్లోడి మొకం సూసింది. కుండెత్తి నీల్లు పారబోసింది. అడుగు కనపడింది. "అమ్మా, ఎండలేదే, సూడు, ఎండనివ్వలేదు" అని ఏడుస్తా, తోమకుండానే, గబగబా మల్లీ నింపీసింది. గోడకంటుకున్న గుడ్లు అలాగే ఉన్నాయి. నీల్లు తగిలేసరికి లేచి కూకున్నాయి.

వారం తిరిగాక ఒకనాడు, పట్టపగలు. కూర్మిగాడు కుండ పక్కన పాకుతున్నాడు. వాడి మడం మీద దోమ వాలింది. సప్పుడు లేదు. తవిటమ్మ వొచ్చి సూసేసరికి సిన్న ఎర్రసుక్క. పొద్దుగూకేసరికి ఒల్లు పెనంలా కాలిపోతోంది.

"నా బిడ్డనెందుకే కుట్టావు?" అని అరిసింది.

దోమ తవిటమ్మ సెవి కాడికొచ్చింది. "నా బిడ్డల కోసమమ్మా. నువ్వే కదా ఇల్లిచ్చావు. ఇంక కొండకెల్లను."

అప్పటినుంచే ఈ పట్టీల దోమ కొండని మరిసిపోయింది. మురుగు దానికొద్దు. మన కుండ, మన తొట్టె, మనం దాసుకున్న మంచినీల్లే కావాల. పగలే కుడతాది. మనిషి ఏ ఊరెల్తే ఆ ఊరెల్తాది, జొరాన్ని కడుపులో ఎట్టుకుని.

కొండ మీద తవిటమ్మ అమ్మకి ఏటీ కాలేదు. ఆ రాత్రి తెల్లారేసరికి కూర్మిగాడు లేడు.