ఖాళీలే పోయాయి

హైమవతికి వచ్చిన చిక్కు ఇది. గురువుగారు కామేశ్వరమ్మగారి వీణ కచేరీలన్నీ ఆమె ఒక చవక మ్యూజిక్ ప్లేయర్‌లో రికార్డు చేసిపెట్టుకుంది. ఇప్పుడు దాని బ్యాటరీ పోయేలా ఉంది. అందులోని ఫైళ్ళను కంప్యూటర్ గుర్తుపట్టదు. ఇయర్‌ఫోన్ కన్నంలో వైరు పెట్టి, రెండో కొస కంప్యూటర్‌కి తగిలించి, ఇక్కడ మోగుతుంటే అక్కడ రికార్డు చేసుకోవాలి. దగ్గరిదారి లేదు.

కూర్చుని అదే పని చేసింది. రెండు గంటల కచేరీ గంటన్నరకే అయిపోతోంది. పోనీలే, పని త్వరగా తెములుతోంది అనుకుంది.

కామేశ్వరమ్మగారిని విజయనగరంలో శిష్యులందరూ మామ్మగారనే పిలుస్తారు. వేళ్ళు బిగుసుకుపోవడంతో ఆవిడ ఆ ఏడాది ఊళ్ళోని సంగీత సభలో కచేరీ మానుకున్నారు. "నా బదులు హైమ వాయించవచ్చు. ఒకసారి విని సాయంత్రం చెబుతాను," అని సభవాళ్ళకు కబురుపెట్టారు. ఏళ్ళ తరబడి ఆవిడ వీణ మోసుకుంటూ వెంట తిరిగిన హైమకు అదే మొదటి కచేరీ అవుతుంది.

ఆ సాయంత్రం మామ్మగారింట్లో హైమ ఆనందభైరవి రాగం ఎత్తుకుంది. ఒక్క గమకం తప్పలేదు. కళ్ళు మూసుకుని వింటున్న మామ్మగారు కాసేపటికే తెరిచేశారు.

"ఎవరు తరుముతున్నారే నిన్ను?"

హైమ ముఖం కందిపోయింది. "ఇది అచ్చంగా మీ ఆలాపనే మామ్మగారూ. రికార్డింగ్ విని స్వరం స్వరం పట్టాను. కావాలంటే వినండి."

ల్యాప్‌టాప్ తెరిచి వినిపించింది. మామ్మగారు మెడ ముందుకు చాచి విన్నారు.

"నేనే. కాని ఇదేం వాయింపే, పాసింజరు బండి తప్పిపోతుందన్నట్టు! ఒక స్వరం చల్లారకముందే ఇంకోదాని మీద పడుతున్నాను. మధ్యలో ఉండాల్సింది ఏదీ?"

"మధ్యలో ఏమీ లేదు మామ్మగారూ. చప్పుడు తగ్గితే ఆ ప్లేయర్ డబ్బా రికార్డింగ్ ఆపేస్తుంది. మళ్ళీ వినబడగానే మొదలెడుతుంది. చోటు కలిసొస్తుందని నేనే అలా పెట్టాను. ఖాళీలే పోయాయి. స్వరం ఒక్కటీ పోలేదు."

మామ్మగారికి నవ్వొచ్చింది. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. హైమ మంచినీళ్ళు అందించింది, విసురుగానే.

"అయితే ఇవన్నీ చెరిపెయ్యమంటారా? ఇన్నాళ్ళ కష్టం."

"ఎందుకే? ముసల్ది బాగానే వాయించిందిగా. ఇలా రా. చెవి ఇక్కడ పెట్టు."

మామ్మగారు వీణను తన ఒళ్ళోకి లాక్కున్నారు. హైమ వంగి దాని కుండకు చెవి ఆనించింది. ఆవిడ బిగిసిన వేలితో ఒక్క తీగ మీటారు. నాదం గదిలో కాసేపుండి సన్నబడి పోయింది. పక్కింట్లో కుక్కర్ కూత వినబడింది.

"అయిపోయిందా?"

"ఇంకా ఉంది మామ్మగారూ. చెక్కలో ఉంది."

మామ్మగారు ఆమె తల మీద చెయ్యి వేసి, రేగిన జుట్టు సర్దుతూ కూర్చున్నారు.

"ఇప్పుడో?"

"ఉష్," అంది హైమ.

అప్పుడే సభ కార్యదర్శి సుందరశివరావుగారు గుమ్మంలోకి వచ్చి ఒక చెప్పు విడిచారు. "ఏమండీ మామ్మగారూ, కరపత్రంలో మరి హైమ పేరు..."

మామ్మగారు పెదవుల మీద వేలు పెట్టుకుని, వేసుకోమన్నట్టు తల ఊపారు.

రెండో చెప్పు విడవకుండా ఆయన అలాగే నిలబడిపోయారు. హైమ ఇంకా తల ఎత్తలేదు.