రంగు పడని గడులు

శౌరయ్య స్వాములవారిని ప్రశ్న అడిగినవాడికి జవాబుకు బదులు పని దొరికేది. దేవుడున్నాడా అని అడిగిన ఒకడి చేత ఆయన బావిలో పూడిక తీయించారట. బయటికొచ్చేసరికి వాడికి ప్రశ్నే గుర్తులేదు. అందుకని గుంటూరు అవతల గుట్ట మీదున్న, ఫాదర్లను తయారుచేసే ఆ కతోలిక గురువిద్యాలయంలో ఆయన్ని లాటిన్ పాఠం గురించి తప్ప ఎవరూ ఏమీ అడిగేవారు కాదు.

బ్రదర్ రాయప్ప అడిగాడు. అతనికి వేరే దారి లేకపోయింది.

"క్షమించమని అడగాల్సిన మనిషే పోతే, ఆ క్షమాపణ ఎవరిస్తారు స్వామీ?"

పోయిన మనిషి అతని అన్న ఇన్నాసి. ఇద్దరూ సత్తెనపల్లిలో సైన్‌బోర్డులు రాసేవారు. ఎనిమిదేళ్ళ కిందట ఒక ఎరువుల కొట్టు బోర్డు సగంలో ఉండగా తమ్ముడు నిచ్చెన దిగి, దేవుడు పిలుస్తున్నాడు పోతానన్నాడు. "పిలవడానికి ఈ పూటే దొరికిందిరా ఆయనకి? సాయంత్రానికి బోర్డు ఇయ్యాల!" అన్నాడు అన్న. "నీ బతుకంతా నిచ్చెన మీదే" అని తమ్ముడు. అంతే, ఆ తర్వాత మాటల్లేవు. మొన్న ఈస్టరు ముందు తపస్సుకాలంలో ఇన్నాసి కామెర్లతో పోయాడు. రాయప్ప వెళ్ళేసరికి మట్టి వేస్తున్నారు.

వచ్చే నెల రాయప్పకు గురుపట్టం, ఫాదరవుతాడు. ఆ రోజు నుంచి పాపసంకీర్తనంలో తప్పులు చెప్పుకునే ఊళ్ళోవాళ్ళందరికీ క్షమాపణ పంచాలి. తనకే దొరకనిది ఎక్కణ్ణుంచి తెచ్చి పంచుతాడు? జవాబు రాకపోతే పట్టం వద్దని వెళ్ళిపోవడానికి పెట్టె కూడా సర్దుకున్నాడు.

శౌరయ్య బీరువాలోంచి గుడ్డలో చుట్టిన పుస్తకం తీసి బల్ల మీద పెట్టారు. అచ్చు పుట్టిన కొత్తలో, ఐదు వందల ఏళ్ళ నాడు ఇటలీలో అచ్చయినది. దుఃఖాన్ని ఎలా ఓర్చుకోవాలో పాత రోములో ఒక తత్త్వవేత్త రాసిన గ్రంథం. ఎప్పుడో ఒక దొర గురువు ఓడలో తెచ్చాడు. రాయప్ప లాటిన్ చాలామటుకు సొంతంగా నేర్చుకున్నదే. "అర్థం కానిచోట గొంతు పెంచుతాను, వినేవాళ్ళు భక్తి అనుకుంటారు" అని తన గురించి తనే చెప్పుకునేవాడు. ఆ రోజు గొంతు పెంచలేదు, అసలు చదవనే లేదు. బోర్డులు రాసిన కన్ను కదా, తిన్నగా ఖాళీ మీద పడింది. ప్రతి అధ్యాయం మొదట్లో ఒక ఖాళీ గడి ఉంది.

"అప్పట్లో మొదటి అక్షరం అచ్చువేయకుండా గడి వదిలేవారు," అన్నారు శౌరయ్య. "కొనుక్కున్నవాడు చిత్రకారుణ్ణి పిలిచి రంగుల్లో రాయించుకునేవాడు. దీనికి ఎవరూ రాలేదు."

"నేను నింపనా స్వామీ?"

"నింపితే నీ మనసు కుదుటపడుతుందా?"

"పడుతుందేమో."

"అయితే నింపు."

ఏ అక్షరం లేదో ఆ మాట చూస్తేనే తెలుస్తోంది. రాయప్ప రంగులు కలిపాడు. గడి మధ్యలో ఈగ మరకలాంటిదేదో ఉంటే దాని మీదుగానే ఎరుపు పూశాడు. అక్షరానికి బంగారు అంచు, ఆ అంచుకి నీలం నీడ. అన్న నేర్పిన నీడే. దూరంగా పెట్టి చూసుకుంటే, ఐదు వందల ఏళ్ళ తత్త్వం కాస్తా సూపర్ ఫాస్ఫేట్ అమ్ముతున్నట్టుంది. నవ్వొచ్చింది. ఆ నవ్వు చూపించాల్సినవాడు లేడని గుర్తొచ్చి మధ్యలోనే ఆగిపోయింది.

రెండో గడికి కుంచె ముంచాడు. అక్కడా మరకే. మూడో దాంట్లోనూ సరిగ్గా నడిమధ్యనే. ఈగలకు అంత క్రమశిక్షణ ఉండదే అని భూతద్దం పెట్టి చూశాడు. మరక కాదు, ఆవగింజంత అక్షరం. అచ్చులో పడిందే. ఆ గడిలో రాయాల్సిన అక్షరమే.

"ఇదేంటి స్వామీ?"

"అచ్చువేసినవాడు పెట్టాడు. ఫలానా అక్షరం రాయమని చిత్రకారుడికి గుర్తు. వాడు రాకపోతే, చదివేవాడికి." శౌరయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఎనిమిదేళ్ళలో మీ అన్న నీకేమీ పంపలేదూ?"

"ఒక్క ముక్క రాయలేదు." రాయప్ప చాలాసేపు కుంచె కడిగాడు. "పోయినేడాది మా ఊరి కండక్టరు చేత ఒక చెప్పుల జత పంపాడు. కొత్తవే. చీటీ కూడా లేదు. ఒళ్ళు మండి వంటాయనకిచ్చేశాను."

"నీకు సరిపోయేవా?"

"తొడుక్కుని చూడలేదు స్వామీ."

భోజనం గంట కొట్టారు. ఇద్దరూ లేవలేదు. రాయప్ప మొదటి గడిలో ఆరీ ఆరని ఎరుపును గోటితో గీకబోయాడు. శౌరయ్య అతని చెయ్యి పట్టుకున్నారు.

"అదొక్కటీ ఇక కనబడదు, ఆ చెప్పుల్లాగే," అన్నారు. "తక్కినవి ఉన్నాయి, చదువుకో."