నల్లరబ్బరు మీద పంటి నొక్కులు

అనగనగా భేరీపురం అని ఒక రాజ్యం. దానికి వీరకేతు అని ఒక రాజు. ఆ రాజుకి ఏడుగురు కొడుకులు లేరు, ఏడు గుర్రాల రథమూ లేదు. ముప్పై మంది మేళగాళ్ళు మాత్రం ఉన్నారు. డోళ్ళు, తాళాలు, బూరలు, అన్నిటికంటే ముందు వరసలో మూడు సాక్సఫోన్లు.

రాజుల కాలంలో సాక్సఫోన్లు ఎక్కడివని అడగకండి పిల్లలూ. మనిషి మెడకు బరువు తగిలించి ఊరేగించే రాజులు అన్ని కాలాల్లోనూ ఉన్నారు.

సాక్సఫోన్ ఒళ్ళంతా ఇత్తడి. నోట పెట్టుకునే ముక్క మాత్రం నల్లటి గట్టి రబ్బరు. దాన్ని మౌత్‌పీసు అంటారు. చూడటానికి బాతు ముక్కులా ఉంటుంది. అడుగున సన్నటి రెల్లు బద్ద కడతారు. పై పళ్ళు ఆ ముక్కు మీద ఆనించి, కింది పెదవి బద్దకు తగిలించి ఊదితే పాట పలుకుతుంది.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. ప్రతి శుక్రవారం రాజు పల్లకీ ఎక్కి కోట చుట్టూ మూడు చుట్లు తిరగాలి. మేళం ముందు నడవాలి. మూడో చుట్టు ముగిసేదాకా ఎవరూ వాద్యం నోటి నుంచి తియ్యకూడదు. ఎండ కాసినా అంతే, వాన కురిసినా అంతే.

పూర్వం మౌత్‌పీసు మీద బొటనవేలి గోరంత తోలు ముక్క అంటించేవాళ్ళు, పళ్ళు దిగకుండా. దండపాణి అనేవాడు మేళాధికారి అయ్యాక వాటిని పీకించేశాడు.

"నల్లటి దాని మీద గోధుమరంగు మచ్చలేమిటి? రాజుగారి కంటికి అసహ్యం!" అన్నాడు.

రాజుగారి కంటికి అందం మిగిలింది. రబ్బరు మీద పంటి గాట్లు మిగిలాయి.

ఒక శుక్రవారం ఊరేగింపుకు ముందు దండపాణి మొదటి సాక్సఫోన్ వాయించే గవరయ్యను పిలిచాడు. మౌత్‌పీసు లాక్కుని చూశాడు. దాని మీద రెండు నొక్కులు.

"రాజుగారి సొత్తు కొరుకుతావురా? ఇంట్లో తిండి లేదా?"

"కొరకలేదు బాబూ..."

"నోరు ముయ్! మధ్యాహ్నానికల్లా ఇది నున్నగా ఉండాలి. లేదా నువ్వు కోట బయట ఉండాలి."

దాన్ని కత్తులకు సానపట్టేవాడి దగ్గరికి పంపించాడు. వాడికి తెలిసింది ఒక్కటే, అరగదీయడం. ఆకురాయితో గీకాడు, గీకాడు, నొక్కు పోయేదాకా గీకాడు. నొక్కు పోయింది. దాంతో పాటు కాగితమంత పలచని కొన కూడా పోయింది. ఆ కొన మీదే బద్ద వాలుతుంది, ఆ కొన మీదే పాట పుడుతుంది. ఊరేగింపులో గవరయ్య ఊదితే, మెడ పట్టుకున్న బాతులా కీచుమంది. పల్లకీలో రాజు చెవులు మూసుకున్నాడు. గవరయ్య కొలువు పోయింది.

రెండో శుక్రవారం రెండో సాక్సఫోన్ వాయించే కొండలు వంతు. అతను తెలివిగా ముందే లక్కగాజులు చేసేవాడి దగ్గరికి వెళ్ళాడు. గాజులవాడు గుంటల్లో నల్ల లక్క నింపి అద్దంలా మెరుగు పెట్టాడు. దండపాణి తిప్పి తిప్పి చూసి ఏమీ పట్టుకోలేకపోయాడు. కానీ సూర్యుడు పట్టుకున్నాడు. రెండో చుట్టులో ఎండకి లక్క కరిగింది. కొండలు పళ్ళు దానికి అంటుకుపోయాయి. పాట ఆగింది.

"ఏం, ఆగావేం?" అన్నాడు రాజు.

"మ్‌మ్‌మ్," అన్నాడు కొండలు.

కొలువంతా పగలబడి నవ్వింది. నవ్వినవాళ్ళలో ఒక్కడి మెడకైనా బరువు లేదు. కొండలు కొలువు కూడా పోయింది.

ఇక మిగిలింది మూడోవాడు, సూరీడు. ఇరవై రెండేళ్ళుగా ఊదుతున్నాడు. కొలువు పోతే కోటలో ఉన్న ఇల్లు కూడా పోతుంది. వచ్చే శుక్రవారం తన వంతని అతనికి తెలుసు. తన మౌత్‌పీసు మీద అందరికంటే లోతైన నొక్కులున్నాయనీ తెలుసు.

కోట గుమ్మం బయట పైడమ్మ అని ఒక పెద్దావిడ ఉండేది. వంకరపోయిన దువ్వెనలు సరిచేసి బతికేది. ఆ దువ్వెనలూ ఇదే నల్లటి గట్టి రబ్బరు. సూరీడు ఆమె దగ్గరికి పరుగెత్తాడు.

పైడమ్మ మౌత్‌పీసుని వెలుతురుకి పెట్టి చూసింది. వేలితో తడిమింది.

"పంటికొక గుంట. బాగానే కొరికావురా!"

"కొరకలేదత్తా, పట్టుకున్నాను. మూడో చుట్టుకి మెడ లాగేస్తుంది, కాళ్ళు పీకేస్తాయి. ఆగడానికి లేదు, కూలబడడానికి లేదు. దేన్ని పట్టుకోను? దాన్నే పట్టుకున్నాను."

పైడమ్మ వంకరగా ఉన్న దువ్వెన ఒకటి తీసి కుంపటి మీది వేడినీళ్ళలో ముంచింది. నీళ్ళు మరగనివ్వలేదు. గిన్నె అంచున చిన్న బుడగలు రాగానే దించేసింది. చూస్తుండగానే దువ్వెన ఒళ్ళు విరుచుకున్నట్టు నిటారుగా లేచింది.

"చూశావా? ఈ రబ్బరు పుట్టినప్పటి ఆకారం మరచిపోదు. వేడి తగిలితే, ఎక్కడ అణిగిందో అక్కడే లేస్తుంది. గీకినదాన్ని మాత్రం ఎవడూ తేలేడు. లేనిది ఎలా లేస్తుంది?"

"అయితే లేపెయ్ అత్తా! నీ కాళ్ళు మొక్కుతాను."

"లేపితే ఈ శుక్రవారం నిన్ను ఉంచుతారు. పై శుక్రవారం?"

"పై శుక్రవారం మళ్ళీ నీ దగ్గరికే వస్తాను!"

"ఆ పై శుక్రవారం?"

సూరీడికి ఒళ్ళు మండింది. "నా ఇల్లు పోతుంటే నీకు వాదనలా?"

"మండుతోందా?" అంది పైడమ్మ. "మండాలి. కానీ నా మీద కాదు. ఒరే సూరీడూ, ఈ గుంటలు నీ తప్పు కాదు, నీ సాక్ష్యం. దీన్ని ఎవరూ చూడకుండా ఇక్కడ చెరిపేస్తే దండపాణి పని నేను చేసినట్టే. లేపుతాను, మాటిస్తున్నాను. ఇక్కడ మాత్రం కాదు. కొలువులో, అందరి ముందూ."

సూరీడు మౌత్‌పీసు గుప్పిట్లో బిగించుకుని కూర్చున్నాడు. గవరయ్య నిన్న సంతలో మూటలు మోస్తూ కనిపించాడు. ఎప్పుడూ ఈల వేస్తూ నడిచే మనిషి, ఈల మానేశాడు. అది గుర్తొచ్చింది.

"సరే అత్తా. కొలువులోనే," అన్నాడు.

శుక్రవారం వచ్చింది. పైడమ్మ కుంపటి, గిన్నె, మూడు ముద్దల తేనెమైనం పట్టుకుని కొలువుకి వచ్చింది. గవరయ్య, కొండలు కూడా ఆమె వెనకే వచ్చి నిలబడ్డారు.

"ఏయ్ దువ్వెనలదానా, ఇక్కడెవరికి పేలు పట్టాయని వచ్చావు?" అన్నాడు దండపాణి.

"మీ ఆచారానికి పట్టాయి బాబూ. దువ్వుదామని వచ్చాను," అంది పైడమ్మ. రాజు వైపు తిరిగింది. "అయ్యా, వీళ్ళు మీ సొత్తు కొరికారని మీ అధికారి అంటున్నాడు. కొరకలేదని నేనంటున్నాను. ఆయన్ని ఈ సాక్సఫోన్ మెడకు తగిలించుకుని మూడు చుట్లు నడవమనండి. ఊదక్కర్లేదు. పళ్ళ మధ్య పట్టుకుంటే చాలు."

రాజుకి వేడుకగా తోచింది. "దండపాణీ, నడు! ఇంతేగా!"

గవరయ్య పాడైపోయిన మౌత్‌పీసు మీద పైడమ్మ ఒక మైనం ముద్ద పరిచింది. దండపాణి మీసం దువ్వుకుని, సాక్సఫోన్ తగిలించుకుని బయలుదేరాడు. భటులు పక్కన నడిచారు.

మొదటి చుట్టు తిరిగి వచ్చాడు. మైనం మీద బియ్యపు గింజంత గుర్తు. పైడమ్మ దాన్ని తీసి పక్కన పెట్టి, రెండో ముద్ద పరిచింది.

రెండో చుట్టు తిరిగి వచ్చాడు. మీసం వాలిపోయింది. మైనంలో చింతగింజ పట్టేంత గుంట. ఆమె మూడో ముద్ద పరిచింది.

మూడో చుట్టు తిరిగి దండపాణి రాలేదు. భటులు పట్టుకొచ్చారు. కొలువు మధ్యలో మోకాళ్ళ మీద కూలబడ్డాడు. మౌత్‌పీసు ఇంకా పళ్ళ మధ్యే ఉంది. పళ్ళు మైనాన్ని చీల్చుకుని రబ్బరు దాకా దిగాయి.

"ఏమయ్యా, మా సొత్తు ఎందుకు కొరికావు?" అన్నాడు రాజు, నవ్వుతూ.

దండపాణి రొప్పుతూ అన్నాడు: "కొరకలేదు ప్రభూ... పట్టుకున్నాను."

ఈసారి కొలువులో ఎవరూ నవ్వలేదు.

రాజు నవ్వు కూడా ఆగింది. "మా తాతగారి కాలంలోనూ మూడు చుట్లే కదా. అప్పుడెవరికీ ఈ బాధ లేదే?"

"మీ తాతగారి కోట ఎంతయ్యా? అదిగో ఆ లోపలి గోడ," అని వేలు చూపించింది పైడమ్మ. "మీ నాన్నగారు గోడ బయటికి జరిపారు. మీరు ఇంకా బయటికి జరిపారు. గోడ జరిగినప్పుడల్లా చుట్టు పెరిగింది. ఆచారం మాత్రం మూడు దగ్గరే నిలబడింది. మీ రాజ్యం పెరిగిందని మీరు పండగ చేసుకున్నారు. అది ఎంత పెరిగిందో కొలిచింది వీళ్ళ కాళ్ళు."

"మాకు తెలియదు. మాతో ఎవరూ చెప్పలేదు," అన్నాడు రాజు.

"ప్రతి శుక్రవారం వీళ్ళు మీ ముందే నడిచారయ్యా. పల్లకీలోంచి చూస్తే వీపులే కనిపిస్తాయి. నోళ్ళు కనిపించవు."

ఆ మాట అంటూనే ఆమె కుంపటి రాజేసింది. గిన్నె అంచున బుడగలు రాగానే, సూరీడి మౌత్‌పీసు ముక్కుని వెల్లకిలా తిప్పి, కొన ఎత్తి పట్టి, పళ్ళు ఆనే మేరకే నీళ్ళలో ఉంచింది. కొన తడవనివ్వలేదు. రబ్బరులోని గంధకం వాసన గుప్పుమంది. అందరూ మెడలు చాచి చూశారు. తోలు ముక్క పోయిన నాటి నుంచి దిగిన గుంటలు మెల్లమెల్లగా, నిద్రలేచినట్టు, పైకి వచ్చాయి. నున్నగా తుడిచి, చుక్క నూనె రాసి సూరీడి చేతిలో పెట్టింది.

రాజు చప్పట్లు కొట్టాడు. "భేష్! ఇక బెంగ లేదు. పైడమ్మా, నిన్ను ఆస్థాన మరమ్మతుదారుగా నియమించాం. ఎన్ని నొక్కులు పడినా నువ్వు లేపుతూ ఉండు. ఇదిగో బంగారు కంకణం!"

పైడమ్మ ముఖం కుంపటిలా ఎర్రబడింది.

"నొక్కులు పడకుండా చూడండి మహాప్రభో అంటే, లేపడానికి మనిషిని పెడతారా? మీరు గాయం చేస్తూనే ఉంటారు, నేను మందు రాస్తూనే ఉండాలా? నాకు కంకణం వద్దు. చుట్లు తగ్గించండి. తోలు ముక్కలు తిరిగి ఇప్పించండి. ఈ ఇద్దరినీ కొలువులోకి పిలవండి."

"ఆచారం మార్చడం కుదరదు," అన్నాడు రాజు. లేచి వెళ్ళి పల్లకీలో కూర్చున్నాడు. బోయీలు దాన్ని భుజాలకెత్తుకున్నారు. "మేళం, మోగించండి!"

సూరీడి చేతిలో నున్నటి మౌత్‌పీసు ఉంది. కొలువు దక్కింది, ఇల్లు దక్కింది. ఊదితే చాలు.

అతను సాక్సఫోన్ మెడలోంచి తీసి నేల మీద పెట్టాడు.

పక్కనున్న బూరవాడు బూర దించాడు. డోలువాడు డోలు దించాడు. ఒకరి తర్వాత ఒకరు, ఆ రోజు కొలువులో ఉన్న మేళగాళ్ళంతా వాద్యాలు నేల మీద పెట్టారు. ఎవరూ కేకలు వెయ్యలేదు. అంత పెద్ద కోటలో కుంపటిలో బొగ్గు చిటపటలాడటం ఒక్కటే వినిపించింది.

"మొయ్యండి!" అని బోయీల మీద అరిచాడు రాజు.

ముందున్న బోయీ భుజం తడుముకున్నాడు. "అయ్యా, మాకూ నొక్కులున్నాయి," అన్నాడు. పల్లకీ కూడా నేలకి దిగింది.

నేల మీద కూర్చున్న పల్లకీ వట్టి పెట్టె. అందులో రాజు చాలాసేపు కూర్చున్నాడు. మొదటిసారి అతనికి మనుషుల ముఖాలు ఎదురుగా కనిపించాయి.

"ఒక్క చుట్టే," అన్నాడు చివరికి. "అదీ లోపలి గోడ చుట్టూ. తోలు ముక్కలు ఇవ్వండి. ఆ ఇద్దరినీ రమ్మనండి."

కొండలు మౌత్‌పీసు మీంచి పైడమ్మ లక్క గోకి తీసి, అణిగినది లేపింది. గవరయ్యకు కొత్తది ఇచ్చారు. అతని పాతదాన్ని ఆమె లేపలేకపోయింది. దాన్ని దారానికి కట్టి తన గుమ్మానికి వేలాడదీసింది. దువ్వెనలు తెచ్చినవాళ్ళు అదేమిటని అడిగితే, కొలువులో ఏం జరిగిందో విసుగు లేకుండా చెప్పేది. చెప్పిన ప్రతిసారీ ఆమెకు కోపం కొత్తగానే వచ్చేది.

అందుకే పిల్లలూ, అణిగిన చోటు వేడికి లేస్తుంది గానీ, అణిచే బరువుని దించేదాకా ఏ మరమ్మతూ నిలవదు.